టోక్యో డిస్నీల్యాండ్‌లో జాక్ వచ్చిన దయ్యాల ఇల్లు: బెంగళూరు తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ అమ్మాయి, ఐదేళ్ళ అబ్బాయి, అరవై ఎనిమిదేళ్ళ మా అత్తగారు కలిసి నవంబరు మొదటి వారంలో బెంగళూరు నుంచి టోక్యో వెళ్ళి వచ్చాము. అప్పటి నుంచి మారతహళ్ళిలోని మా అపార్ట్‌మెంటు తెలుగువాళ్ళు, వైట్‌ఫీల్డ్‌లో ఉన్న బంధువులు, చెన్నైలోని మా తోడల్లుడి స్నేహితులు దాదాపు ఒకే రకమైన సందేహాలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోనులో ఎంతోకొంత చెప్పడం కన్నా అన్నీ ఒకచోట జాగ్రత్తగా రాసిపెట్టడం మేలనిపించింది. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టి చదివినా జవాబు అక్కడే పూర్తిగా దొరుకుతుంది.

## వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

అసలు ఇది ఏమిటండీ? కొత్త రైడా, నాటకమా, ఊరేగింపా?

టోక్యో డిస్నీల్యాండ్‌లో హాంటెడ్ మాన్షన్ అనే దయ్యాల ఇల్లు ఉంది. పార్కు తెరిచిన 1983 ఏప్రిల్ 15 నుంచీ అది అక్కడే ఉంది. 2004 నుంచి ఏటా శరదృతువులో ఆ ఇంటిని ఒక యానిమేషన్ సినిమా పాత్రలతో, అలంకరణతో, సంగీతంతో మార్చివేస్తారు. ఆ కొన్ని నెలలూ దానిని 'హాలిడే నైట్‌మేర్' అని పిలుస్తారు. పట్టాలు అవే, ముగ్గురు కూర్చునే నల్లటి బండ్లు అవే, గదుల వరుస కూడా అదే. ఆ గదుల్లోకి జాక్ స్కెలింగ్టన్ అనే అస్థిపంజరం క్రిస్మస్ తాత దుస్తులు వేసుకుని వచ్చి, దయ్యాలకు తనకు తెలిసిన పద్ధతిలో క్రిస్మస్ జరిపిస్తుంటాడు. మొదట నిలబడి చూసే గదితో కలిపి మొత్తం అనుభవం పావుగంట ఉంటుంది. పార్కు అంతటా జరిగే ఉత్సవం ఇదే అనుకుని వెళ్ళినవాళ్ళు నిరాశపడతారు. ఇది ఒక్క ఇంటికి సంబంధించిన వేడుక మాత్రమే. అయితే ఆ ఇంట్లో ఒక్క మూలను కూడా నిర్లక్ష్యంగా వదిలిపెట్టలేదు.

ఏ సినిమా ఆధారంగా చేశారు? పిల్లలు ఆ సినిమా చూడకుండా వస్తే అర్థమవుతుందా?

ఆ సినిమా 1993లో వచ్చిన 'ద నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్'. కథ, పాత్రల ఊహ టిమ్ బర్టన్‌వి. ఆయన పేరు పెద్దగా కనబడుతుంది కాబట్టి దర్శకుడు కూడా ఆయనే అని చాలామంది అనుకుంటారు గానీ, దర్శకత్వం వహించినవారు హెన్రీ సెలిక్. సంగీతం డానీ ఎల్ఫ్‌మన్‌ది. హాలోవీన్ అంటే అక్టోబరు చివర దయ్యాల వేషాలతో జరుపుకునే పండగ. జనాన్ని భయపెట్టడమే పనిగా ఉన్న హాలోవీన్ పట్టణానికి నాయకుడైన జాక్, ఏటా చేసే ఆ పని మీద విసుగు పుట్టి అడవిలోకి వెళ్ళి, అనుకోకుండా క్రిస్మస్ పట్టణంలో అడుగుపెడతాడు. ఆ దీపాలు, ఆ మంచు, ఆ ఆనందం చూసి, ఈసారి ఆ పండగ తానే చేస్తానని పూనుకుంటాడు. అతని ఉద్దేశం మంచిదే. అయితే అతని చేతికి తెలిసింది భయపెట్టడమే కాబట్టి, అతను పంచిన కానుకలు పిల్లలను హడలగొడతాయి.

ఈ కథ తెలియని పిల్లలకు ఆ ఇంట్లో కనబడేది గుమ్మడికాయలు, అస్థిపంజరాలు, మంచు మాత్రమే. కథ తెలిసిన పిల్లలకు ప్రతి గదీ ఒక పలకరింపు. పైగా లోపల వినబడే వ్యాఖ్యానమంతా జపనీస్‌లో ఉంటుంది కాబట్టి, మాట సాయం చేయని చోట సినిమా జ్ఞాపకమే సాయం చేయాలి. గంటంపావు నిడివి గల సినిమా కనుక, వెళ్ళే ముందు వారంలో ఒకసారి, ప్రయాణానికి ముందురోజు ఇంకొకసారి చూపించడం కష్టం కాదు. ఈ మొత్తం ఏర్పాటులో నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్క విషయం మీదనే. టికెట్టు కొన్నా కొనకపోయినా ముందు సినిమా చూడండి. అది పిల్లలకు నచ్చకపోతే ఈ ప్రయాణాన్ని వేరే కాలానికి మార్చుకోవచ్చు.

చూసేటప్పుడు పిల్లలకు మరొక సంగతి చెప్పండి. ఇది కంప్యూటర్‌తో గీసిన సినిమా కాదు. నిజమైన బొమ్మలను చేత్తో రవ్వంత కదిపి ఒక ఫొటో, మళ్ళీ రవ్వంత కదిపి మరొక ఫొటో తీస్తూ, సెకనుకు 24 ఫొటోల లెక్కన పేర్చారు. దసరాకు మెట్ల మీద బొమ్మల కొలువు పెట్టే ఇంట్లో పెరిగిన మా అమ్మాయికి ఈ సంగతి తెలిశాక ఆ సినిమా మీద గౌరవం కలిగింది. ఒక్కో బొమ్మను ఎంత జాగ్రత్తగా పట్టుకోవాలో తనకు చేతికి తెలుసు.

ఏ తేదీల్లో ఉంటుంది? దసరా సెలవుల్లో వెళ్ళవచ్చా?

సాధారణంగా సెప్టెంబరు మధ్య నుంచి జనవరి మొదటి రోజుల వరకు ఉంటుంది. కచ్చితమైన తేదీలను పార్కు అధికారిక క్యాలెండరులో ఆ ఏటికి ఆ ఏడు చూసుకోవాలి. ఇంటిని మార్చడానికి ముందు, ఆ తర్వాత కొన్ని రోజులు మూసి ఉంచుతారు కాబట్టి అంచులకు దగ్గరగా తేదీలు పెట్టుకోకూడదు. దసరా సెలవుల్లో నిక్షేపంగా వెళ్ళవచ్చు. ఆ సమయంలో పార్కు అంతా హాలోవీన్ అలంకరణలో ఉంటుంది. నవంబరు మధ్య నుంచి డిసెంబరు 25 వరకు క్రిస్మస్ అలంకరణ ఉంటుంది. జాక్ కథ ఈ రెండు పండగల మధ్య ఊగిసలాడే కథ కనుక ఎప్పుడు వెళ్ళినా నప్పుతుంది.

నన్ను అడిగితే నవంబరు మొదటి పది రోజులు మేలు. హాలోవీన్ అయిపోయి, క్రిస్మస్ ఇంకా మొదలుకాని ఆ సందులో ఊరేగింపుల సందడి తక్కువగా ఉన్నా, జాక్ ఇల్లు మాత్రం తెరిచే ఉంటుంది. జపాన్ సెలవులను మాత్రం తప్పకుండా చూసుకోవాలి. అక్టోబరు రెండో సోమవారం క్రీడల దినోత్సవం, నవంబరు 3 సంస్కృతి దినోత్సవం, నవంబరు 23 శ్రామికులకు కృతజ్ఞత తెలిపే రోజు. ఇవి క్యాలెండరులో కనబడతాయి. కనబడనివి కొన్ని ఉన్నాయి. అక్టోబరు 1 టోక్యో ప్రజల దినం, నవంబరు 13 ఇబారకీ జిల్లా దినం, నవంబరు 14 సైతామా జిల్లా దినం. ఆ రోజుల్లో ఆయా ప్రాంతాల్లో చాలా బడులకు సెలవు కాబట్టి, చూడడానికి మామూలు పనిదినంలా ఉన్నా పార్కు కిక్కిరిసిపోతుంది.

మహాలయ పక్షాలు, దసరా రోజుల్లో దయ్యాల ఇంటికేమిటి అని మా అత్తయ్యగారు అంటున్నారు. ఏం చెప్పాలి?

మా ఇంట్లోనూ ఈ మాట వచ్చింది. పెద్దవాళ్ళ మనసు నొప్పించి తీసుకువెళ్ళవలసినంత గొప్పది ఏ పార్కులోనూ ఉండదు కనుక, ముందు సినిమాను వారితో కలిసి చూడండి. హాలోవీన్ కూడా, క్రైస్తవుల సకల పునీతుల పండగకు ముందు రాత్రి, పోయినవారిని తలచుకునే రోజుల నుంచి వచ్చినదే. ఇంచుమించు అదే కాలంలో మనమూ పితృదేవతలకు తిలతర్పణం వదులుతాం. ఈ ఇంట్లోని దయ్యాలు ఎవరికీ హాని చేయవు. పాడుతాయి, విందు చేసుకుంటాయి, వచ్చినవారిని తమతో ఉండిపొమ్మంటాయి. మా అత్తగారు సినిమా చూశాక, 'పాపం, ఆ ఎముకలబ్బాయికి పండగ చేయాలని ఎంత ఆశో' అన్నారు. ఆ తర్వాత అభ్యంతరం చెప్పలేదు. అయినా ఇష్టం లేనివారిని లోపలికి తీసుకువెళ్ళకుండా, ఎదుట బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్ళి రావచ్చు.

మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంది. అక్కడ చూడటం మంచిదా, టోక్యోలోనా?

ఈ అలంకరణ మొదట పుట్టింది కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లోనే, 2001లో. అక్కడి ఇల్లు తెల్లటి స్తంభాలతో అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రాల పాత బంగళాలా ఉంటుంది. టోక్యోలోనిది ఇటుకలతో కట్టిన కోట వంటిది. కాలిఫోర్నియాలో విందు గదిలో పెట్టే అల్లం రొట్టె ఇంటిని ప్రతి ఏటా కొత్తగా తయారుచేస్తారు, దాని కోసమే ఏటేటా వచ్చేవారు ఉన్నారు. కూతురి దగ్గరికి ఎలాగూ వెళుతున్నవారు అక్కడే చూడండి. కేవలం దీని కోసం, పిల్లల సెలవుల్లో వారం రోజుల్లో వెళ్ళి రావాలనుకునే బెంగళూరువాళ్ళకు టోక్యో దగ్గర, వీసా కూడా తేలిక.

ఇంత దూరం ఎందుకు, బిడదిలోనే వండర్‌లా ఉంది కదా?

అది వేగం, నీళ్ళు, ఎత్తు మీద నడిచే పార్కు, ఒక రోజు హాయిగా గడుస్తుంది. ఇక్కడ ఉన్నది ఒక సినిమా కథలోకి నడిచి వెళ్ళే అనుభవం. రెండింటినీ పోల్చి ఒకదానికి బదులు మరొకటి అనుకోకూడదు.

## వీసా, విమానం, టికెట్లు

వీసా ఎలా? ఇ-వీసా ప్రింటు తీసుకువెళితే సరిపోతుందా?

సరిపోదు, ఇది చాలామంది పొరబడే చోటు. 2024 ఏప్రిల్ 1 నుంచి భారతీయులకు పర్యటన కోసం జపాన్ ఇ-వీసా ఇస్తున్నారు. ఒకసారి ప్రవేశం, 90 రోజుల లోపు బస. దరఖాస్తు వీసా కాగితాలు తీసుకునే వీఎఫ్‌ఎస్ కేంద్రం ద్వారా చేయాలి. వీసా వచ్చాక విమానాశ్రయంలో దానిని ఫోను తెరపై, ఇంటర్నెట్‌లో అప్పటికప్పుడు తెరిచి చూపించాలి. కాగితం ప్రింటు గానీ, స్క్రీన్‌షాట్ గానీ చెల్లవు. అందుచేత జపాన్‌లో దిగిన క్షణం నుంచి పనిచేసే సిమ్ లేదా రోమింగ్ ఏర్పాటు చేసుకోవడం, ఫోనులో చార్జి ఉంచుకోవడం తప్పనిసరి. కుటుంబంలో ప్రతి ఒక్కరి వీసా ఎవరి ఫోనులో తెరుచుకుంటుందో ముందే చూసుకోండి.

బెంగళూరు నుంచి నేరుగా విమానం ఉందా?

కెంపేగౌడ విమానాశ్రయం నుంచి టోక్యో నరీతా విమానాశ్రయానికి జపాన్ ఎయిర్‌లైన్స్ నేరుగా నడుపుతోంది. చెన్నైవాళ్ళు సింగపూరు, కౌలాలంపూరు లేదా బ్యాంకాక్ మీదుగా వెళుతుంటారు. జపాన్ గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందు ఉంటుంది. మనకు తెల్లవారుజామున ఐదున్నర అయ్యేసరికి అక్కడ తొమ్మిది కొడుతుంది, పార్కు తెరుస్తుంది. కాబట్టి దిగిన మర్నాడే పార్కు పెట్టుకుంటే పిల్లలు నిద్రమత్తులో ఉంటారు. ఒక రోజు విరామం ఇవ్వండి.

ఈ వేడుకకు విడిగా టికెట్టు కొనాలా?

అక్కరలేదు. టోక్యో డిస్నీల్యాండ్ ఒక రోజు టికెట్టులోనే ఇది కలిసి ఉంటుంది. అమెరికాలో, సింగపూరులో హాలోవీన్ రాత్రులకు విడి టికెట్టు పెట్టే వేడుకలు ఉన్నాయి కాబట్టి అక్కడి బంధువులు చెప్పిన మాటతో ఈ సందేహం వస్తుంది. ఇంకొక జాగ్రత్త. పక్కనే ఉన్న టోక్యో డిస్నీసీ వేరే పార్కు, దాని టికెట్టు వేరు. జాక్ ఇల్లు డిస్నీల్యాండ్‌లో మాత్రమే ఉంది. కొనేటప్పుడు పార్కు పేరు రెండుసార్లు చదవండి.

ఒక కుటుంబానికి ఎంత అవుతుంది?

2023 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చిన ధరల ప్రకారం పెద్దవారికి రోజును బట్టి 7,900 నుంచి 10,900 యెన్‌లు, 12 నుంచి 17 ఏళ్ళవారికి 6,600 నుంచి 9,000, 4 నుంచి 11 ఏళ్ళ పిల్లలకు 4,700 నుంచి 5,600. మూడేళ్ళ వరకు పిల్లలకు టికెట్టు లేదు. వయసు మళ్ళినవారికి ఒక రోజు టికెట్టులో తగ్గింపు లేదు. ముగ్గురు పెద్దలు, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్న మా వంటి కుటుంబానికి చవక రోజున 33,100 యెన్‌లు, ఖరీదైన రోజున 43,900 యెన్‌లు అవుతాయి. అదే ఇల్లు, అదే పావుగంట. ఆ తేడా డబ్బుతో కుటుంబమంతా రెండు పూటలు భోజనం చేయవచ్చు. కొనే రోజున ధరను, యెన్ మారకపు రేటును చూసుకోండి.

అధికారిక సైటులో మన కార్డు పనిచేయడం లేదు. ఏం చేయాలి?

నాకు ఒక సాయంత్రమంతా దీనితోనే గడిచింది. తేదీ ఎంచుకున్నాను, పేర్లు నింపాను, చివరి మెట్టులో కార్డు తిరస్కరించబడింది. నాలుగుసార్లు అదే జరిగింది. బ్యాంకు సహాయ కేంద్రంలో ఒకరు సైటుదే లోపమన్నారు, మరొకరు రెండు రోజులు ఆగమన్నారు. అసలు కారణం కార్డులో విదేశీ లావాదేవీలు మూసి ఉండటం. రిజర్వు బ్యాంకు నియమం వల్ల 2020 నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు మొదట దేశంలో వాడకానికే పనిచేస్తాయి. విదేశీ వాడకాన్ని, ఆన్‌లైన్ వాడకాన్ని బ్యాంకు యాప్‌లో మనమే తెరవాలి, పరిమితిని కూడా పెంచాలి. అలా తెరిచినా కొన్ని భారతీయ కార్డులను ఆ సైటు తీసుకోదు. అప్పుడు పార్కు గుర్తింపు ఉన్న టికెట్ల అమ్మకందారుల యాప్‌లో కొనవచ్చు. టికెట్టు తేదీతో ముడిపడి ఉంటుంది, రద్దీ రోజులకు అయిపోతుంది కూడా. ప్రవేశద్వారం దగ్గర కొనవచ్చులే అనుకుని బయల్దేరవద్దు.

## పార్కులో ఆ రోజు

అక్కడికి ఎలా చేరుకోవాలి?

పేరులో టోక్యో ఉన్నా, పార్కు ఉన్నది టోక్యో పక్కనున్న చీబా జిల్లాలో, సముద్రాన్ని పూడ్చి చేసిన నేల మీద. దిగవలసిన స్టేషను మైహామా. టోక్యో స్టేషను నుంచి జేఆర్ కేయో లైనులో దాదాపు పావుగంట. అయితే టోక్యో స్టేషనులో ఆ లైను ప్లాట్‌ఫారాలు మిగతా వాటికి చాలా దూరం. పెద్దవారితో నడిస్తే పావుగంట నడక అదనంగా లెక్కవేసుకోండి. మైహామాలో దిగాక మోనోరైలు ఎక్కనక్కరలేదు, డిస్నీల్యాండ్ ద్వారానికి నడిచిపోవచ్చు. మోనోరైలుకు విడిగా డబ్బు కట్టాలి.

ఎన్ని గంటలకు చేరాలి? ముందు ఎక్కడికి పరుగెత్తాలి?

పార్కు సాధారణంగా ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు. ఒక గంట ముందు చేరితే వరుసలో మంచి చోటు దొరుకుతుంది. తెరవగానే చాలామంది 2020లో మొదలైన 'బ్యూటీ అండ్ ది బీస్ట్' రైడు వైపు వెళతారు. మీరు జాక్ కోసమే వచ్చినవారైతే ఆ ప్రవాహంలో పడకుండా, ఫ్యాంటసీల్యాండ్‌లోని హాంటెడ్ మాన్షన్‌కు నేరుగా వెళ్ళండి. మేము పొద్దున 35 నిమిషాలు నిలబడ్డాము. మధ్యాహ్నం అదే వరుస తలుపు దాటి, తోట దాటి, దారి మీదకు వచ్చింది. చీకటి పడ్డాక మరొకసారి చూడగలిగితే చూడండి. లోపల మార్పేమీ ఉండదు గానీ, సాయంత్రం దీపాల్లో ఆ ఇటుక కోట ముందు నిలబడి ఎదురుచూడటం పొద్దుటి ఎండలో దొరకని అనుభవం.

ప్రయారిటీ పాస్, ప్రీమియర్ యాక్సెస్ అంటే ఏమిటి?

రెండూ వరుసలో తక్కువసేపు నిలబడే ఏర్పాట్లే. ప్రయారిటీ పాస్ ఉచితం, ప్రీమియర్ యాక్సెస్‌కు డబ్బు కట్టాలి. పార్కులోకి అడుగుపెట్టాకే, పార్కు యాప్‌లో తీసుకోవాలి. అందరి టికెట్లూ ఒకే ఫోనులోకి చేర్చుకుంటే కుటుంబానికంతటికీ ఒకేసారి తీసుకోవచ్చు. ఏ రైడుకు ఏ పాసు ఉందనేది ఎప్పటికప్పుడు మారుతుంది కనుక ద్వారం దాటగానే యాప్ తెరిచి చూడండి. ఉచిత పాసులు మధ్యాహ్నానికల్లా అయిపోతాయి.

మా ఐదేళ్ళ బాబు భయపడతాడా?

కొంత భయపడతాడు. ఎక్కడ భయపడతాడో ముందే తెలిస్తే మీరు సాయపడగలరు. మొదట అందరినీ ఎనిమిది మూలల గదిలోకి పంపి తలుపు మూస్తారు. కిటికీలు ఉండవు. గోడల మీది చిత్రాలు మెల్లగా పైకి సాగుతాయి, కప్పు ఎత్తుకు లేస్తుంది, ఉన్నట్టుండి దీపాలు ఆరిపోతాయి, పెద్ద శబ్దం వస్తుంది. మొత్తం అనుభవంలో పిల్లలు ఏడ్చేది ఈ అర నిమిషంలోనే. మా వాడు నా చొక్కా అంచును రెండు చేతులా పట్టుకుని మెలిపెట్టేశాడు, బయటికి వచ్చేదాకా ఆ ముడత అలాగే ఉంది. దీపాలు వెలిగి తలుపు తెరుచుకున్నాక, జాక్ కుక్క జీరోను చూసి, దాని ముక్కు ఎర్రగా వెలుగుతోందని నాకే చూపించాడు. చీకటి పడే ముందు ఎత్తుకోండి. 'ఇప్పుడు దీపం ఆరుతుంది, పది లెక్కపెట్టు' అని చెవిలో చెప్పండి.

బండిలో కూర్చున్నాక హఠాత్తుగా మీదకు దూకేవి తక్కువ. విందు గదిలో పారదర్శకంగా తిరిగే దయ్యాలను చూసి పిల్లలు అవి నిజమేనా అని అడుగుతారు. అది 1862లో లండన్ రంగస్థలం మీద జాన్ హెన్రీ పెప్పర్ ప్రసిద్ధం చేసిన అద్దం చమత్కారం. మనకూ వాటికీ మధ్య పెద్ద గాజు పలక ఉంటుంది, వేరేచోట దాచిన బొమ్మల మీద వెలుగు పడినప్పుడు వాటి ప్రతిబింబం గదిలో తేలుతుంది. రాత్రిపూట బెంగళూరు సిల్క్ బోర్డ్ కూడలి దగ్గర బస్సు ఆగినప్పుడు కిటికీ అద్దంలో మన ముఖం బయటి దీపాల మీద తేలుతూ కనబడుతుంది కదా, అదే సంగతి. ముందురోజు హోటలు గది కిటికీ దగ్గర దీపం ఆర్పి, వెలిగించి మా అమ్మాయి తమ్ముడికి దీనిని చూపించింది. మర్నాడు వాడు దయ్యాలకన్నా గాజు పలక ఎక్కడుందో వెతకడంలో మునిగిపోయాడు.

మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు ఎక్కగలరా?

ఎక్కగలరు, కానీ ఒక సంగతి తెలిసి ఉండాలి. బండ్లు ఆగవు. ఎక్కేవారు బండ్లతో సమానంగా కదిలే పట్టీ మీద అడుగుపెట్టి కూర్చోవాలి. విమానాశ్రయంలోని కదిలే నడకదారి మీద అలవాటున్నవారికి ఇబ్బంది ఉండదు. అలవాటు లేకపోతే ద్వారం దగ్గర ఉన్న సిబ్బందికి మోకాళ్ళు చూపించి సైగ చేసినా చాలు. మా అత్తగారికి వారు వేగం తగ్గించి, చేయి అందించి ఎక్కించారు. పార్కులో అద్దెకు చక్రాల కుర్చీలు దొరుకుతాయి. రోజంతా నడిపించి సాయంత్రానికి కదలలేని స్థితికి తీసుకురావడం కన్నా పొద్దుననే తీసుకోవడం మంచిది.

మేము శాకాహారులం. లోపల ఏం తింటాము?

నిజం చెప్పాలంటే ఇది కష్టమైన ప్రశ్నే. కూరలా, కూరగాయల సూప్‌లా కనబడేదానిలో కూడా చేపల రసం, మాంసపు సారం, పంది కొవ్వు ఉండవచ్చు. మెనూలో 'కర్రీ' అని ఉన్నంత మాత్రాన శాకాహారం కాదు. సాదా బంగాళాదుంప వేపుడు, పాప్‌కార్న్, ఐస్‌క్రీమ్ వంటివి ఆసరా అవుతాయి గానీ, వీటిలోనూ ఏం కలిపారో పదార్థాల జాబితా అడిగి ఫోను అనువాద యాప్‌తో చదవండి. 'నేను మాంసం, చేప, వాటి రసం తినను' అని జపనీస్‌లో రాయించుకున్న చీటీ నోటి మాటకన్నా బాగా పనిచేస్తుంది.

మామూలుగా బయటి ఆహారాన్ని లోపలికి రానివ్వరు. పసిపిల్లల ఆహారానికి, అలర్జీ వంటి ఇబ్బంది ఉన్నవారికి మినహాయింపు ఉంది. ద్వారం బయట ఇంటి నుంచి తెచ్చుకున్నది తినడానికి ప్రత్యేకంగా చోటు ఉంది, బయటికి వచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళవచ్చు. మేము అలాగే చేశాము. హోటలు గదిలో చిన్న కుక్కరులో అన్నం వండి, డబ్బాలో తెచ్చిన పులిహోర గుజ్జు కలిపి తీసుకువెళ్ళాము. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆ బెంచీల మీద, చలిగాలిలో, మూత తీయగానే వచ్చిన ఇంగువ వాసనకు మా అత్తగారి ముఖంలో వచ్చిన తేటదనం ఆ రోజు నాకు బాగా గుర్తున్న దృశ్యాల్లో ఒకటి.

సామాను సర్దేటప్పుడు జపాన్ కస్టమ్స్ నియమాలు గుర్తుంచుకోండి. నాటుకోడి పచ్చడి సహా మాంసంతో చేసినదేదీ తీసుకువెళ్ళకూడదు. తాజా కరివేపాకు, పండ్లు, కూరగాయలు కూడా ధ్రువపత్రం లేకుండా పనికిరావు. పొడులు, శాకాహార పచ్చళ్ళు గట్టిగా మూసిన పొట్లాల్లో తీసుకువెళ్ళండి. జపాన్ విద్యుత్తు 100 వోల్టులు కాబట్టి మన 230 వోల్టుల కుక్కరు అక్కడ సరిగా పనిచేయదు. ప్రయాణాలకు చేసిన, రెండు వోల్టేజీలకూ పనికివచ్చే రకం కావాలి, హోటలు అనుమతి కూడా ఉండాలి. రాత్రికి మన భోజనమే కావాలంటే నదికి ఆవల ఎదోగావా వార్డులోని నిషికసాయిలో భారతీయ హోటళ్ళు, సరుకుల దుకాణాలు ఉన్నాయి. మన దేశపు సాఫ్ట్‌వేర్ కుటుంబాలు చాలా ఏళ్ళుగా అక్కడ స్థిరపడి ఉన్నాయి.

పిల్లలకు జాక్ వేషం వేయవచ్చా? మేమూ వేసుకోవచ్చా?

చిన్నపిల్లలకు ఎప్పుడైనా వేయవచ్చు. పెద్దవారికి మాత్రం పార్కు ప్రకటించిన హాలోవీన్ రోజుల్లోనే పూర్తి వేషానికి అనుమతి ఉంటుంది, అదీ డిస్నీ పాత్రల వేషాలకే. మేము వెళ్ళింది నవంబరులో కాబట్టి మా ఆవిడ నలుపు తెలుపు చారల శాలువా కప్పుకుని సరిపెట్టుకుంది.

లోపల ఫొటోలు, వీడియోలు తీయవచ్చా?

ఫ్లాష్, ఫోను లైటు వాడకూడదు. సెల్ఫీ కర్ర పార్కులోనే కూడదు. చీకటి గదుల్లో ఫోను తెర వెలుగు వెనుక బండ్లవారి కళ్ళల్లో పడుతుంది. నా మాట మన్నించి ఆ కొద్ది నిమిషాలు ఫోను జేబులో పెట్టండి. ఫొటోలకు ఇంటి ముందు తోట, గుమ్మడికాయల అలంకరణ ఎటూ ఉన్నాయి.

వర్షం వస్తే? చలి ఎంత ఉంటుంది?

ఇది కప్పు కింద నడిచే రైడు కనుక మామూలు వానకు ఆగదు. ఊరేగింపులు మాత్రం రద్దవుతాయి. సెప్టెంబరు, అక్టోబరు తుపానుల కాలం, టికెట్టు తేదీకి ముందు వెనుక ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. నవంబరులో పగలు 17 డిగ్రీలు, రాత్రి 10 డిగ్రీల దాకా ఉంటుంది. బెంగళూరు చలికి అలవాటే కదా అనుకుని మేము పలుచని స్వెట్టర్లతో వెళ్ళాము. పార్కు సముద్రం ఒడ్డున ఉండటం వల్ల సాయంత్రం ఐదు దాటాక గాలి చెవుల్లోకి కోస్తుంది. చెవులు కప్పే టోపీలు తప్పక తీసుకువెళ్ళండి. డిసెంబరుకైతే మందపాటి కోటు కావాలి.

## బయటికి వచ్చాక

జాక్ బొమ్మలు, వస్తువులు ఎప్పుడు కొనాలి?

నచ్చినది కనబడగానే కొనండి. ఈ కాలం కోసం చేసిన వస్తువులు అయిపోతే మళ్ళీ పెట్టకపోవచ్చు. కొన్నవాటిని లాకరులో పెట్టి తిరగవచ్చు.

పిల్లలు ఇంటికి వచ్చాక కూడా జాక్, జాక్ అంటున్నారు. ఏం చేయించవచ్చు?

ఆ సినిమా ఎలా తీశారో చేతులతో చేసి చూడనివ్వండి. మా ఇంటివైపు కోస్తావాళ్ళు కాబట్టి సంక్రాంతికి కూడా బొమ్మల కొలువు పెడతాము. ఈసారి మా అమ్మాయి కొలువు ఎదుట ఫోనును పుస్తకాల దొంతర మీద కదలకుండా ఆనించి, ఏటికొప్పాక లక్క ఏనుగును ఒక్కో ఫొటోకు గోరంత జరుపుతూ మెట్టు ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించింది. ఇందుకు ఉచిత యాప్‌లు చాలా ఉన్నాయి. సెకనుకు 24 ఫొటోలు పిల్లలకు భారం, 12 చాలు. పది సెకన్లకు 120 ఫొటోలు. కిటికీ తెర మూసి ఒకే దీపం ఉంచండి, లేకపోతే ఎండ మారినప్పుడల్లా బొమ్మ మీద వెలుగు మారుతుంది. తమ్ముడు 73వ ఫొటో దగ్గర కొండపల్లి తాడిచెట్టును పడగొట్టాడు. దానిని మళ్ళీ అదే చోట నిలబెట్టడానికి వాళ్ళిద్దరికీ అరగంట పట్టింది. నిలబెట్టాక అమ్మాయి 74వ ఫొటో తీసింది.